ఓబులేసు తాగిన తెల్ల ద్రాక్షారసం

మామా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు చివరగా పులియబెట్టిన తెల్ల ద్రాక్షారసం జాడీ మూత తీశాం. కాయ పులుపు మీదుండగానే కోసి, తొక్క నాననీయకుండా వడగట్టావు కదా, నాలుక మీద చురుక్కుమంది.

అంతలో నిన్ను నరికిన ఓబులేసు, బెయిలు మీద బయటికొచ్చినవాడు, రాజీకని పులివెందుల నుంచి మనింటికే వచ్చాడు. తలుపు వెనక నీ కొడుకు దానియేలు వేటకొడవలి తీశాడు. అది లేవకముందే నేను ఓబులేసుకు గ్లాసు నింపిచ్చాను.

గటగటా తాగి, "శానా పుల్లగుండాదే," అన్నాడు.

"ఎలకల మందప్పా, అట్లనే ఉంటాది," అన్నాను.

వాడు గొంతులో వేళ్లు పెట్టుకొని, గడప తట్టుకొని పడి, ముక్కు పగిలి నెత్తురు కార్చుకుంటూ ఆసుపత్రికి పరిగెత్తాడు.

దానియేలు కొడవలి దించి, "నిజంగా కలిపినావా, బావా?" అన్నాడు.

"లేదబ్బీ."

"ఎందుకు కలపల్యా?"

నీ చేతి రసం చెడగొట్టడానికి నాకు చెయ్యి రాలేదు మామా.