గాదె దగ్గర రాసే మనిషి

రంగూను, 1926. శనివారం రాత్రి

ట్వంటే వరిపొలాల నుంచి వచ్చి నేను అన్నం ముట్టలేదని అమ్మ దిష్టి తీసింది. "పెళ్లిమాటకి బెంగెట్టుకుందిలే" అని నాన్నతో చెబుతోంది. నా భయం ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు.

కూలీల్ని తెచ్చే మేస్త్రీ కూతుర్ని కదా, కోత కూలీల పేర్లు పొద్దున్న నేనే రాశాను. చంటిబిడ్డతో ఒకామె వచ్చి, "నా పేరు కొట్టీయమ్మా, ఊరెల్లిపోతాను" అంది. కావలివాడు కర్ర అడ్డం పెట్టాడు. "పేరు రాసీసినాక ఏటెల్తావు? కోతవ్వాల!"

మనిషి పంట పండించాడు, గాదె కట్టాడు, కావలి పెట్టాడు, రాయడానికొకణ్ణి కూర్చోబెట్టాడు. అలా నగరాలు పుట్టాయని కాలేజీ పరీక్షలో సంబరంగా రాశాను. ఆ కూర్చున్నది నేనేనని తెలిసి భయం పుట్టింది. ఇంకా తగ్గలేదు.

"రేపు ఇంకో పడవ కూలీలొస్తారు, పెందరాళే లే" అన్నాడు నాన్న. ఆయనన్నా భయమే.

రేపు నేను పేర్లు రాయను.