హాల్లో మోత తగ్గింది

ఏలూరు

అమ్మా, ఇక్కడ అందరం కులాసా. ఫోన్‌లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను.

రెండంతస్తుల ఎత్తున్న మా హాలుకి చివరికి కర్టెన్లు కుదిరాయి. గాలాడదని అత్తయ్యగారు పల్చటివే అడిగారు. మీ అల్లుడుగారు మాత్రం పైకప్పు నుంచి నేలదాకా మందపాటివి వేయించారు. కట్టగానే హాల్లో మాట మార్మోగడం ఆగింది. అత్తయ్యగారు, "గృహప్రవేశం నాడు మీ అమ్మగారిని ఎంత పలకరించినా పలకలేదని పొగరనుకున్నానమ్మా. ఆ మోతలో ఆవిడకి నా మాటేం వినపడుతుంది?" అన్నారు. నా గుండెల మీద బరువు దిగింది.

జీడితోటలో పూత నిలిచిందా? తమ్ముడి చేత నా కుట్టుమిషను పంపించు, మిగిలిన గుడ్డతో సోఫా దిండ్లకి గలీబులు కుడతాను. నాన్నగారికి నమస్కారాలు.

నువ్వొస్తావని అత్తయ్యగారు తన కుర్చీ పక్కనే నీకూ ఒకటి వేయించారు.

సాయిదుర్గ