వలీమా పళ్లెం

జమ్మలమడుగు,
17-11-1958

రషీదాకు సలాం.

ఇక్కడ అందరం క్షేమమని రాయాలి. ఈ ఇంట్లో అందరమంటే నేనొక్కడినే కాబట్టి, నేను క్షేమం. లింగాలలో నువ్వూ, బిడ్డ షరీఫా, మీ అన్నా క్షేమమని తలుస్తాను. ఉర్దూలో రాయలేదేమని అలగవద్దు. మీ అన్న అబ్దుల్ సలాంకు తెలుగు చదవడం రాదు. ఈ ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదవాలి.

నీ ప్రశ్నలకు జవాబులు. దగ్గు లేదు. నెత్తురు పడడం లేదు. సాయంత్రం జ్వరం రావడం లేదు. నాకు క్షయ లేదని ఆసుపత్రి డాక్టరు ఎప్పుడో తేల్చి చెప్పాడు. ఉన్నది చక్కెర జబ్బు. అన్నం, సంగటి, రొట్టె, బెల్లం మానెయ్యమన్నది ఆయనే. నేను పస్తులుండడం లేదు. పొద్దున కోడిగుడ్లు, మధ్యాహ్నం గోంగూరో బీరకాయో గిన్నెడు, దొరికిన నాడు మాంసం, మజ్జిగ, గుప్పెడు చెనిక్కాయలు. బొజ్జ తగ్గింది. ఇదివరకు బడి మెట్లెక్కి ఊపిరి కోసం కుర్చీ పట్టుకునేవాడిని. ఇప్పుడు మెట్లెక్కుతూనే పిల్లలను తిట్టగలుగుతున్నాను.

డాక్టరు మాట మీ అన్నకు చాలలేదు. అన్నం మాని చిక్కిపోయేవాడికి క్షయ గాక ఇంకేముంటుందని నిన్నూ బిడ్డనూ తీసుకుపోయాడు. ఆయననొక్కడినే అనడమెందుకు, ఊరంతా అదే వాదన. మనిషి లావెక్కితే కలిగినవాడు, చిక్కితే చచ్చేవాడు. ఇదీ మన లోకజ్ఞానం!

మా అభ్యుదయ సంఘం వాళ్ల కోపం వేరు. మొన్న టీకొట్టు దగ్గర నలుగురిలో జోసఫ్ నన్ను నిలేశాడు. కరువునాడు గంజి కేంద్రాలు పెట్టమని తాలూకా కచేరీ ముందు నాతోపాటు లాఠీ దెబ్బలు తిన్నవాడు.

"ఏమప్పా సారూ, ఆ పొద్దు కూడు పెట్టమని అరిస్తివి. ఈ పొద్దు కూడు మానమని అరుస్తాండావు. సర్కారు నీకేమన్నా జీతం పెంచిందా ఏంది?"

అందరూ నవ్వారు. నేను ఊరుకుంటానా? "మనం గంజి అడిగితిమి, వాళ్లు గంజి పోసిరి. పప్పు అడిగినామా? గుడ్డు అడిగినామా? పేదోడికి గింజ ఒక్కటి చాలని సర్కారుకు నేర్పింది మనమే" అన్నాను. పగలంతా కూలికి పోయి వచ్చే ఆడమనిషి సంగటిని నేను లాక్కోవడం లేదు రషీదా. మూత్రానికి చీమలు పట్టేవాడికి చెబుతున్నాను. ఈ రెండిటికీ తేడా తెలియని అభ్యుదయం నాకు అక్కరలేదు. ఆ మాట కూడా అన్నాను. అప్పటినుంచి సంఘం మీటింగులకు కబురు రావడం లేదు.

నా మాట విన్నవాళ్లూ ఉన్నారు. జట్కా మౌలాలి మొదటివాడు. "నేను గుర్రాన్ని తోల్తాండానని అంటారు గానీ సారూ, అది నన్ను ఓర్చుకుంటాంది" అనేవాడు గుర్తుందా? వాడిదీ చక్కెర జబ్బే, కాలి పుండు నెలల తరబడి మానలేదు. సంగటి మాన్పించి గుడ్లూ ఆకుకూరలూ పట్టించాను. మనిషి తేలికయ్యాడు, పుండు ఎండింది. ప్రొద్దుటూరు బట్టలంగడి షావుకార్లు కూడా దొడ్డిదోవన వచ్చి ఏం తినాలో అడిగిపోతారు. బజారులో కనబడితే మాత్రం మొహం తిప్పుకుంటారు.

ఇంకొకటి. క్షయ అంటుకుంటుందని టీకొట్టులో నాకు వేరే గ్లాసు పెట్టారు. తాగి, నేనే కడిగి, చూరులో దోపి రావాలి. మాలమాదిగలకు వేరే గ్లాసులేమిటని పత్రికల్లో నిప్పులు కక్కినవాడిని కదా. అప్పుడు కోపంతో రాశాను. ఆ గ్లాసు చేతిలో ఎంత బరువుంటుందో తెలియకుండానే రాశాను.

ఇక నీ చివరి ప్రశ్న. "అన్న ఉన్నట్టుండి శుక్రవారం నన్ను బస్సెక్కిస్తానంటాండాడు, ఏం మంత్రమేసినావు?" అన్నావు. ఇంత రాసీ దీనికి రావడానికే వెనకాడుతున్నాను.

పోయిన నెల ప్రొద్దుటూరులో వలీమాకు పోయాను. పెండ్లి విందులో మనవాళ్లు ఒక్కో పెద్ద పళ్లెం చుట్టూ నలుగురేసి కూర్చుంటారు కదా. నా పళ్లెం దగ్గరికి ఎవరూ రాలేదు. ఒకాయన వంగబోయి, నా మొహం చూసి, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగాడు. నలుగురి పలావు ముందు నేనొక్కడినే కూర్చున్నాను. అప్పుడు మీ అన్న వచ్చి, "జరుగు బావా" అని పక్కన కూర్చున్నాడు.

"క్షయోని పక్కన కూర్చుంటాండావే, భయం ల్యా?" అన్నాను.

"వాదన తర్వాత చేద్దువులే. అందరూ చూస్తాండారు. కడుపు నిండా తిను. పలావు తినే మనిషికి క్షయ యాడుంటాదని నేనే అందరి నోర్లు మూయిస్తా. చెల్లెల్నీ బిడ్డనీ పంపిస్తా."

ఆయనను చూసి ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. నేను తిన్నాను. నీ కోసం తిన్నానని రాస్తే నీకు సంతోషమే గానీ, అది సగమే నిజం. మీ అన్న మోచేయి నా మోచేతికి తగిలింది. ఎదురుగా ఉన్నాయన మంచి ముక్క నా వైపు తోసి "తిను సారూ" అన్నాడు. దానికోసం తిన్నాను. పలావు మళ్లీ వేయించుకున్నాను, తీపన్నం కూడా తిన్నాను. పక్క పళ్లెం నుంచి మౌలాలి చూస్తూనే ఉన్నాడు.

నిన్న వాడు కాలికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. పుండు మళ్లీ చీము పట్టింది.

"ఏందిరా మౌలాలీ ఇది?"

"మీరే తింటిరి గదా సారూ, ఇంగ భయం లేదేమో అనుకుంటి. ఆ పొద్దునుంచి మూడు పూటలా సంగటే."

"నన్నొక మాట అడగొచ్చు గదా!"

"అడిగితే మీరు శానాసేపు చెప్తారు. కండ్లారా చూస్తి గదా, ఇంగ అడిగేదేముందిలే అనుకుంటి."

ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను. బొటనవేలు నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఇన్నేళ్లు ఇంతమందితో వాదించాను రషీదా, ఒక్కరూ ఇంత తొందరగా నమ్మలేదు.

మీ అన్న నిన్ను పంపుతున్నది పలావు తిన్న బావ దగ్గరికి. ఆ బావ ఒక్క పూట మనిషి. నేను మళ్లీ అన్నం మానేశానని, ఆ సంగతి మౌలాలి ఇంటి ముందు నలుగురూ వినేలా చెప్పానని, ఇదే టపాలో ఆయనకు ఉర్దూలో రాసి వేస్తున్నాను. ఆయన నిన్ను ఆపుతాడు. ఆగడమా, రావడమా, నీ ఇష్టం.

శుక్రవారం సాయంత్రం నువ్వు రావలసిన పులివెందుల బస్సు దగ్గరికి వస్తాను. నువ్వు దిగితే ఒకటే అడుగుతాను: నా కంచంలో అన్నం పెట్టవద్దు, పక్కన కూర్చో. దిగకపోతే నీతో వాదించను. జనమంతా దిగి, పైన మూటలు దించి, బస్సు ఖాళీగా షెడ్డుకు పోయేదాకా నిలబడి ఉంటాను.

ఇట్లు,
షరీఫా నాయన,
అలీ అహ్మద్