సోమవారం పెట్టిన సంతకాలు

చిరంజీవి బుడ్డోడికి,

అమ్మ దీవెనలు. ఆరడుగులు పెరిగి, రేపోమాపో యూనిఫాం వేసుకోబోయేవాణ్ణి ఇంకా బుడ్డోడు అంటావేంటని అలగకు. ఇక్కడ అందరం కులాసా, నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. మీ నాన్నకు కొత్త కళ్లద్దాలు వచ్చాయి. ఇంట్లో ఇంత దుమ్ము ఉందని ఆయనకు ఇప్పుడే తెలిసిందట, పొద్దస్తమానం గుడ్డ పట్టుకుని తిరుగుతున్నారు.

బూట్లు కరుస్తున్నాయని రాశావు. మడమల దగ్గర లోపల కాస్త నూనె రాసి, రెండు జతల మేజోళ్లు వేసుకో. పరుగులో వెనకబడుతున్నానని దిగులు పడకు, అది మీ నాన్న పోలిక.

ఇక మీ ట్రైనింగ్ స్కూల్లో పెట్టిన చర్చ సంగతి. ముందు చెప్పకుండా పోలీసులకు మత్తుమందుల పరీక్ష చేయొచ్చా అని కదా! నీకు 'వద్దు' అనే పక్షం వచ్చిందనీ, పాయింట్లు రాసి పంపమనీ అడిగావు. మా స్టేషన్లోనూ నెల రోజులుగా ఇదే గోల. కంప్యూటర్ ఎవరి పేరు తీస్తే వాళ్లు ఆ పూటే మూత్రం పట్టివ్వడానికి చిన్న సీసా పట్టుకుని వెళ్లాలి. వ్యానులో నా పక్కన కూర్చునే అతను నీకు తెలుసుగా, దొంగలకు కూడా పాఠాలు చెబుతాడని లెక్చరర్ అంటాం. అతను అంతెత్తున లేచాడు.

"ఇరవై ఏళ్లు ఎండలో నిలబడ్డోడి చేతికి సీసా ఇచ్చి, తలుపు దగ్గర మనిషిని కాపలా పెడతారా? మనమేమన్నా దొంగలమా?"

అతని బాధ అబద్ధం కాదు, రాసుకో. జలుబు మందు తాగినా పరీక్షలో తేడా రావచ్చు. అది తేలేలోపు మనిషి పేరు ఊరంతా పాకిపోతుంది. పెద్ద ఆఫీసర్ల పేర్లు కంప్యూటర్లో వేస్తారో లేదో కూడా అడుగు. అయితే మా రిసెప్షన్లో కూర్చునే అమ్మాయి అతన్ని ఒక్క మాట అడిగింది. "బస్సు డ్రైవర్‌ని రోడ్డు మీద ఆపి ఊదమంటాం కదన్నా, తుపాకీ ఉన్నోళ్లం మనకెందుకు అంత కోపం?" లెక్చరర్ టీ గ్లాసు అందుకున్నాడు.

నీ ఉత్తరం చివర్లో రాశావు చూడు: 'మా అమ్మ ఇరవై రెండేళ్లుగా పోలీసు వ్యాను నడుపుతోంది, ఒక్క గీత పడలేదు, ఆమెకు పరీక్ష ఎందుకని అడుగుతాను' అని. అది చదివి ఉత్తరం మడిచి పెట్టేశాను. నాలుగు రోజుల దాకా మళ్లీ తీయడానికి ధైర్యం చాలలేదు.

నాన్నా, పోయిన ఏడాది మెట్ల మీద పడి నా నడుము పట్టేసింది కదా. డాక్టరు రెండు వారాలకు మత్తు ఉండే నొప్పి మాత్రలు రాశాడు. నొప్పి తగ్గింది, మాత్రలు మాత్రం మానలేకపోయాను. ఒకే షాపులో అడిగితే అనుమానిస్తారని మూడు షాపులు తిరిగి కొన్నాను, కుట్టుమిషను సొరుగులో దాచాను. ఏడు నెలలు.

వ్యాను ఎక్కేముందు ఒక రిజిస్టర్ ఉంటుంది. పక్కన కూర్చునే మనిషి ఆ రోజు నన్ను చూసి, డ్రైవరుకు ఒంట్లో బాగుందని సంతకం పెట్టాలి. లెక్చరర్ సోమవారమే వారానికి సరిపడా పెట్టేస్తాడు. "నిన్ను రోజూ కొత్తగా చూడాలా అక్కా?" అంటాడు. అది అభిమానమేరా. ఆ అభిమానం చాటునే నేను దాక్కున్నాను.

ఒక గురువారం స్టేషన్ ఆవరణలో వ్యాను వెనక్కి తీస్తున్నాను. ఊడ్చే ఆవిడ బకెట్ దగ్గర వంగి గుడ్డ పిండుతోందట. ఎవరో పిలిస్తే రెండడుగులు పక్కకు జరిగిందట. నేను ఆమెనూ చూడలేదు, బకెట్‌నూ చూడలేదు. చప్పుడు విన్నాక బ్రేకు తొక్కాను. "పాత బకెట్టేలే అమ్మా, ఎప్పుడో పోవాల్సింది" అని ఆమె నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ గురువారానికి నాకు ఒంట్లో బాగుందని సోమవారమే సంతకం పడిపోయింది.

మొదటి జాబితా వచ్చింది. అందులో నా పేరు లేదు. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయి, ఆ సాయంత్రమే ఇన్‌స్పెక్టర్ గదిలోకి వెళ్లి అంతా చెప్పాను.

"నీ పేరు రాలేదు కదమ్మా, ఎందుకు చెబుతున్నావ్?" అన్నారాయన.

"బకెట్ గురించి సార్" అన్నాను.

తాళాలు తీసుకున్నారు. డాక్టరు దగ్గరకు పంపుతున్నారు, విచారణ కూడా ఉంది. మళ్లీ వ్యాను ఎక్కుతానో లేదో తెలియదు. సంతకాల సంగతి బయటపడిందని లెక్చరర్ నాతో మాట్లాడటం లేదు. మీ నాన్న కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుని, "ముందు ఆ సొరుగు తెరువు" అన్నారు.

నన్నడిగితే పరీక్ష ఉండాలి, అందరికీ ఉండాలి. తనంతట తాను వచ్చి చెప్పుకున్నవాణ్ణి మాత్రం ముందు వైద్యానికి పంపాలి. నీ పక్షం నువ్వు గట్టిగానే మాట్లాడు. కానీ మీ అమ్మను ఉదాహరణగా చెబితే ఇదంతా చెప్పు, లేదా నా ఊసే ఎత్తకు. నన్ను తలుచుకుని నీకు సిగ్గేస్తుందేమోనని భయంగా ఉందిరా.

ఈ సోమవారం రిజిస్టర్ తెరిచి చూశాను. నా పేరుకు ఎదురుగా వారమంతా ఖాళీ గడులే. ఏడు నెలల్లో ఆ పుస్తకంలో నా గురించి ఉన్న నిజం అదొక్కటే.

ఇట్లు,
నీ జవాబు కోసం గుమ్మం వైపు చూస్తూ ఉండే
అమ్మ