గట్టయ్య వీపు మీది మట్టి

చిరంజీవి తమ్ముడు రాజేశానికి అన్న కొమురయ్య దీవించి వ్రాయునది.

ముందు ఒక్క మాటకు జవాబు చెప్పు తమ్మీ: ఒకని చెయ్యి విరిచినవాడు గ్రంథం చేతబట్టి పదిమందికి ధర్మం చెప్పవచ్చునా?

అవ్వ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? బాపు దగ్గు తగ్గిందా? నేను బాగున్నాను, ఫికర్ పడవద్దు. ఇక్కడ బెల్లంపల్లిలో ఎండలు ముదిరాయి. బొగ్గుబాయి నుంచి పైకి వచ్చి ఎంత తోమినా గోళ్ల సందుల నలుపు పోదు. నాతో పనిచేసే పోశమూ నేనూ ఒకే గుడిసెలో ఉంటున్నాము. అతను వండే మక్కగట్క అవ్వ చేతి గట్క కాదు గాని కడుపు నిండుతుంది. ఫికర్ పడవద్దు.

మనవైపు జాతరల్లో కుస్తీ గెలిచి, ఆ బరిలోనే నిలబడి నీతి గ్రంథం చేతబట్టి పోరగాండ్లకు గర్జించిన నేను, ఇక్కడికి వచ్చి రెండేండ్లయినా నోరు విప్పలేదు. మొన్న మా బాయి వాళ్లు కుస్తీ నేర్చుకోవడానికి తాలీంఖానా కట్టుకున్నారు. అది తెరిచిన రోజు అందరి ముందు పోశం ఊరుకోలేదు.

"ఏం పహిల్వాన్, బొగ్గు పడి నోరు పూడుకపోయిందా? జర నాలుగు మాటలు చెప్పరాదే!"

గ్రంథం పట్టుకుని లేచాను. పాత గొంతు దానంతట అదే వచ్చింది. "కల్లు దిగక సైకిలెక్కలేనోడు వైకుంఠం ఎట్ల ఎక్కుతడురా!" అంటే నవ్వారు, చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు పొంగింది. అప్పుడు ఒక ముసలాయన లేచి అడిగాడు.

"ఆఖరు కుస్తీల ఓడినోని వీపు నువ్వే దులిపినవా, పహిల్వాన్?"

గెలిచినవాడు ఓడినవాణ్ని లేపి, వీపు మీది మట్టి తన చేత్తో దులపాలి. అప్పుడే కుస్తీ ముగిసినట్టు. నీకు తెలుసు కదా.

"దులిపిన తాతా" అన్నాను. గ్రంథం ఎడమచేతిలోనే ఉంది. నా మెడలో పూలదండ వేశారు.

అబద్ధం తమ్మీ. సాలె గట్టయ్య చెయ్యి దానంతట అదే విరిగిందని నీకూ అబద్ధమే చెప్పాను. ఆనాడు బరిలోకి దిగుతూ, "గ్రంథం సదివి పడగొడ్తవా, పంతులూ?" అన్నాడు. జాతరంతా నవ్వింది. అతని వీపు నేలకు తాకింది, కుస్తీ అక్కడికి అయిపోయింది. అయినా నేను అతని చెయ్యి వదలలేదు. "సాలు కొమురన్నా, నాడె ఇసిరే చెయ్యి" అన్నాడు మెల్లగా. విని కూడా తిప్పాను. మగ్గం మీద నాడె విసరలేని సాలెవాడు ఏం తింటున్నాడో అడగకుండా ఊరు విడిచి వచ్చాను. కోపాన్ని జయించినవాడే వీరుడని గ్రంథంలో వందసార్లు చదివి, వందమందికి చెప్పి!

దండ తీసి పోశానికి అంతా చెప్పాను.

"గీ మాట నాకెందుకు సెప్తున్నవ్? గా గట్టయ్యకు సెప్పు" అన్నాడు.

వచ్చే ఆదివారం మళ్లీ మాట్లాడమంటున్నారు. మాట్లాడితే ఈ నిజమే మాట్లాడుతాను. కాని పదిమంది కంటే ముందు గట్టయ్య ముందు నిలబడాలి. శనివారం బండికి పెద్దపల్లిలో దిగుతాను. నువ్వు ముందుగా పోయి, నేను విని కూడా తిప్పానని చెప్పు. దాచకు. తిడితే తిట్లు విను. నేను గడప తొక్కవచ్చునా అని అడుగు. వద్దంటే స్టేషనుకు వచ్చి చెప్పు, వెనక్కి మళ్లుతాను. రమ్మంటే, రెండేండ్ల కిందట దులపని ఆ వీపు దులుపుతాను.

అవ్వ మామిడికాయ తొక్కు కట్టి ఇస్తానంటే వద్దను. కాని ముందు ఈ పని. అవ్వకు, బాపుకు నా దండాలు. ఇది విన్నాక కూడా వాళ్లు నన్ను దీవిస్తారేమో అడుగు. పెద్దలందరి కాళ్లకు మొక్కినానని చెప్పు.

సిగ్గుతో,
నీ అన్న కొమురయ్య

రాజేశం, ఉత్తరం మడిచి చూరులో చెక్కకు. బువ్వ తిని పోదామనకు. చెప్పులు తొడుక్కో, ఇయ్యాలనే గట్టయ్య ఇంటికి పో.