మెట్ల మలుపులో పెట్టిన పెట్టె

చిత్తూరు,
12 జూలై 2008, శనివారం

పంకజాక్షి అక్కకు,

భానుశ్రీ నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. కడుపులో ఇంత కోపం పెట్టుకుని నీ క్షేమం అడగడం కష్టంగానే ఉంది గానీ, ఉత్తరం మొదట్లో ఆ మాట లేకపోతే అమ్మ ఊరుకోదు కాబట్టి అడుగుతున్నాను. ఎలా ఉన్నావు? తిరుపతిలో నీ ఆడపిల్లల హాస్టల్ ఎలా నడుస్తోంది? ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు కనుక కాగితం మీద పడ్డాను.

పుత్తూరులో చక్రధర్ పెళ్లిలో, పంక్తిలో కూర్చున్నవాళ్లందరూ వినేలా నువ్వన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. 'మా భాను పెట్టిన వైర్‌లెస్సా, అది వంటింటి గడప దాటదు, ఊరికే దండగ' అన్నావు. నా విస్తట్లో అప్పుడే పాయసం వడ్డించారు. ముట్టకుండా లేచాను, నువ్వు చూసి కూడా పిలవలేదు. ఎదురు వరసలో ధనంజయ మామ ఉన్నాడని నీకు తెలుసు. తన కాలేజీ మొత్తానికీ వైర్‌లెస్ పెట్టే పని ఆయన నాకిస్తానన్నాడని, ఆ ధైర్యంతోనే నేను దుకాణం తెరిచానని కూడా తెలుసు. మొన్న వెళ్లి అడిగితే 'సూద్దాంలేమ్మా, మద్రాసోళ్లతో మాట్లాడతా ఉండాను' అని మొహం తిప్పుకున్నాడు. ఆ పని లేకపోతే దుకాణం మూసుకోవలసిందే.

ఇంతకీ ఆ సిగ్నల్ వంటింటి గడప దాటకపోవడానికి కారణం నేనా? మీ హాస్టల్‌కు వచ్చిన రోజు లాప్‌టాప్ చేత్తో పట్టుకుని గది గదీ తిరిగాను. వైర్‌లెస్ పెట్టెను కింద ఆఫీసు గదిలో పెడితే మేడ మీదికి అందలేదు. మేడ మీద వరండా చివర పెడితే కింది గదులకు అందలేదు. ఆఖరికి మెట్ల మలుపులో, ఎత్తుగా గోడకు బిగిస్తే అటు పైకీ ఇటు కిందికీ, మూల గదిలో జెస్సీ మంచం దాకా సిగ్నల్ గీతలు నిండుగా వచ్చాయి. ఆ పిల్ల సంబరపడి నా చేతిలో బత్తాయిపండు పెట్టింది.

నీకు చెప్పాను కూడా. అది ట్యూబ్‌లైట్ వెలుతురులాంటిది, నడిమధ్యన ఉంటే నాలుగు వైపులా పోతుంది, గోడ కొంత మింగుతుంది, నీళ్లు ఇంకా ఎక్కువ మింగుతాయి, స్టీలు సామాను వెనక్కి కొట్టేస్తుంది అని. అంతా విని తలూపావు. నేను చిత్తూరు చేరిన కొన్నాళ్లకే పెట్టెను ఊడదీసి వంటింట్లో, స్టీలు నీళ్ల డ్రమ్ముకూ ఫ్రిజ్‌కూ నడుమ ఇరికించావు. అదేమని అడిగితే 'కరెంటు సామాను ఆగ్నేయంలోనే ఉండాల, వాస్తాయన చెప్పినాడు, నీకేం తెల్దు' అన్నావు.

ఎవరక్కా ఆ వాస్తాయన? మీ హాస్టల్ మరుగుదొడ్లు ఈశాన్యంలో ఉన్నాయి. ఆ బిల్డింగ్ వద్దని అందరూ మొత్తుకుంటే 'బాడుగ ఇంటికి వాస్తేంది' అని నవ్వినదానివి నువ్వే. నీళ్ల మోటారు వాయవ్యంలో ఉంది, ఇన్వర్టర్ నీ మంచం పక్కనే ఉంది. వాటికి లేని ఆగ్నేయం నా పెట్టెకే కావలసి వచ్చిందా?

ఇప్పుడు సాయంత్రమైతే పిల్లలంతా నీ వంటింట్లో, పనిమనిషి అక్కమ్మ కూరగాయలు తరిగే చోట, బియ్యం మూటల మీద కూర్చుని చదువుకుంటున్నారట. పోపు ఘాటుకు తుమ్ముకుంటూ ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటున్నారట. నీకు జాలి కూడా లేదా? ఆ ఇంట్లో న్యాయం మాట్లాడినవాడు బావ ఒక్కడే. 'మెట్లకాడే బాగుండె, మీ అక్కకు చెప్పి మళ్లా ఆడనే పెట్టమ్మా' అని నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆయనకున్నపాటి అభిమానం తోడబుట్టిన నీకు లేకపోయింది.

ధనంజయ మామకు నువ్వే ఫోన్ చెయ్యి. పెట్టెను జరిపింది నువ్వేనని, భాను పని సరిగ్గానే చేసిందని నీ నోటితో చెప్పు. అంతవరకూ నేను తిరుపతిలో అడుగు పెట్టను.

నీ మీద అలిగిన చెల్లెలు,
భానుశ్రీ

తా.క. ఆదివారం ఉదయం. కవరు అంటించబోతుంటే జెస్సీ దుకాణానికి వచ్చింది. వాళ్లది ఈ ఊరే కదా, సెలవుకు వచ్చిందట. నీ మీద ఉన్న కోపమంతా ఆ పిల్ల ముందు వెళ్లగక్కాను. అంతా విని, 'అక్కను ఏమీ అనొద్దండి' అని ఏడ్చింది. తర్వాత చెప్పింది.

మెట్ల మలుపులో గాలీ సిగ్నలూ రెండూ బాగుంటాయని పిల్లలు సాయంత్రాలు అక్కడే చేరేవారట. పెట్టె పనిచేస్తోందో లేదో చూస్తానంటూ బావ రోజూ పైకెక్కి, ఆ ఇరుకు మెట్ల మీద వాళ్లను రాసుకుంటూ దిగేవాడట. ఒకరోజు జెస్సీ భుజం మీద చెయ్యి వేశాడట. ఆ పిల్ల నీ దగ్గరికి వచ్చి చెప్పిందట. స్టూలు వేసుకుని నీ చేతులతోనే పెట్టె ఊడదీసి వంటింట్లోకి తెచ్చి, 'రేపట్నుంచి ఈడ నా కళ్ల ముందర కూసోని సదువుకోండి' అన్నావట.

నాకు కోపం తగ్గలేదక్కా, పెరిగింది. నా పని చెడ్డదని ఊరంతా అనుకున్నా సరే, ఆ మనిషి పేరు బయటికి రాకూడదనుకున్నావు. ఇన్నాళ్లూ ఒక్కదానివే అన్నీ కడుపులో పెట్టుకుని అక్కడ వంట చేస్తూ కాపలా కాశావు.

పై ఉత్తరం చింపలేదు, అలాగే పంపుతున్నాను. బావను మెచ్చుకుంటూ రాసింది మాత్రం నువ్వే కొట్టేసుకో. పోస్టులో వేస్తే ఆయన చేతిలో పడుతుంది కాబట్టి, ఈ సాయంత్రం హాస్టల్‌కు తిరిగి వస్తున్న జెస్సీకే ఇస్తున్నాను. ధనంజయ మామకు ఏమీ చెప్పొద్దు, ఆ పని పోతే పోనీ.

రేపు మొదటి బస్సుకు వస్తున్నాను. పెట్టెను మళ్లీ మెట్ల మలుపులోనే బిగిస్తాను, దాని చోటు అదే. ఇక మీద ఆ మెట్లు ఎక్కకూడనిది బావ. ఆ మాట అనడానికి నీకు నోరు రాకపోతే నా పక్కన నిలబడు, నేను అంటాను.