లాగ్ ఫైలు నిండిన సోమవారం

సిద్దిపేట

భివండీలో ఉన్న బాపుకు నీ బిడ్డ ప్రవీణ దండాలు. అవ్వ, నేను ఇక్కడ చల్లగా ఉన్నాం. నువ్వూ అక్కడ వేళకింత తిని చల్లగా ఉండాలి. ఫోన్ చేస్తే మగ్గాల చప్పుడులో నీకు సగమే వినబడుతుంది, అందుకే రాస్తున్నాను. అవ్వ మోకాలి నొప్పి గురించి అడిగావు. తగ్గింది. నన్ను తిట్టే ఓపిక కూడా వచ్చింది.

"దవాఖానల కంప్యూటర్ కాడ నీ పనేంది బిడ్డా?" అని కూడా అడిగావు కదా. మా సర్వర్ పగలూ రాత్రీ ఆగదు. తను చేసిన ప్రతి పనినీ ఒక ఫైలులో రాసుకుంటూ పోతుంది. దాన్ని లాగ్ అంటారు. మగ్గం మీద ఒక బట్ట తాను కాగానే నువ్వు కోసి తీస్తావే, అలాగే రోజుకోసారి ఆ ఫైలును మూసి కొత్తది తెరవాలి, వారం దాటిన పాతవి తీసెయ్యాలి. ఇదంతా దానంతటదే జరిగేలా పెట్టి ఉంటుంది.

మొన్న అది జరగక సర్వర్‌లో జాగ అంతా నిండి, సోమవారం పొద్దున సర్వర్ ఆగిపోయింది. రక్తపరీక్షల రిపోర్టులు రాలేదు. హుస్నాబాద్ నుంచి వచ్చిన ముసలమ్మ ఒకామె "ఇంకెంతసేపు కూసోవాలె బిడ్డా" అని నా ముఖమే చూసింది. కంగారులో, మూయక పెరిగిపోయిన ఆ లాగ్ ఫైలును తీసేశాను. అయినా జాగ రాలేదు! సాఫ్ట్‌వేర్ దాన్ని ఇంకా పట్టుకునే ఉందట. మా సీనియర్ రత్నాకర్ సార్ వచ్చి, సాఫ్ట్‌వేర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే గానీ వదల్లేదు. సర్వర్ చూసేది ఆయనే కనుక మేనేజర్ నవనీత మేడం అందరి ముందూ ఆయన్నే కడిగేసింది. "ఇంకోసారి గిట్లయితే ఇంటికి పోవుడే" అంది.

ఇక దాచలేను బాపూ. తప్పు నాది. మూడు వారాల కింద ఏదో లోపం వెతుకుతూ, పాత లాగులు పోకూడదని ఆ ఏర్పాటును నేనే ఆపాను. మళ్లీ పెట్టడం మర్చిపోయాను. ఆయన తిట్లు పడుతుంటే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. నా నౌకరి చూసుకునే కదా నువ్వు ఈ ఏడు పని మానేసి వస్తానన్నావు! అది పోతే ఎట్లా అని రెండు రోజులు ముద్ద దిగలేదు.

బుధవారం మేడం దగ్గరికి పోయి చెప్పేశాను. ఆమె "ముందుగాల పోయి రత్నాకర్‌కు చెప్పు. గా ఏర్పాటు ఆగితే నా ఫోన్‌కు మెసేజ్ వచ్చేటట్టు ఇద్దరు కలిసి పెట్టున్రి" అంది. అంతే. హమ్మయ్య, నౌకరి పోలేదు!

రత్నాకర్ సార్‌కు చెబితే నవ్వాడు. "నాకు సోమవారమే ఎర్క. ఎవలు ఆపిన్రో సర్వర్ల నీ పేరుతోనే ఉన్నది."

"మరి తిట్లెందుకు పడ్డరు సార్?"

"తిట్లు నాకు కొత్తనా? నౌకరే నీకు కొత్త."

అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను బాపూ. ఆయన తన డబ్బా విప్పి ఒక జొన్నరొట్టె నా చేతిలో పెట్టాడు. మొత్తం తినేశాను. నువ్వు టికెట్ చేయించుకో.

ఇట్లు,
ఇప్పుడే గుండె తేలికైన
నీ బిడ్డ ప్రవీణ